బోడకాకర తీగ ముక్కలు: ఆడదో మగదో తేలేదాకా

జూన్ 9

నిన్న మిరుగం, అంటే మృగశిర కార్తె, ప్రవేశించింది. వాన ఇంకా పడలేదు. మేడ మీది గచ్చు సాయంత్రం ఐదింటికి కూడా కాళ్లు కాలేంత వేడిగా ఉన్నది. అయినా విత్తనాలు ఇవాళే నాటాను. పోయిన ఏడు సెప్టెంబరులో హనుమకొండ కుమార్‌పల్లి మార్కెట్లో బోడకాకర కాయలు కొంటున్నప్పుడు, పండిపోయిన నాలుగింటిని అమ్మే ఆమె కూరకు పనికిరావని పక్కకు తీసి పడేసింది. వాటిని అడిగి తెచ్చుకున్నాను. నారింజ రంగుకు తిరిగి పగిలిన కాయలో ఎర్రటి గుజ్జు చుట్టుకొని నల్లని గింజలు ఉంటాయి. ఆ గుజ్జు పోయేదాకా బూడిదలో రుద్ది, కడిగి, నీడలో ఆరబెట్టి కాగితం పొట్లంలో దాచాను. ఇవాళ లెక్కపెడితే 22 గింజలు తేలాయి.

బోడకాకర గింజ మొండిది. పెంకు గట్టిగా ఉండటమే కాకుండా కాయ నుంచి తీసిన తరువాత కొన్ని నెలలపాటు నిద్రలోనే ఉంటుంది కాబట్టి, ఎనిమిది నెలలు ఆగడం ఒక విధంగా మంచిదే అయింది. ఒక్కొక్క గింజ అంచును గోళ్లు కత్తిరించే కత్తెరతో కొద్దిగా చిట్లించి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్లలో కలిపిన సంచుల్లో అంగుళం లోతున పెట్టాను.

మొలిపించడం కష్టమే అయినా అసలు చిక్కు అది కాదు. బోడకాకరలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. గింజ నుంచి వచ్చిన తీగల్లో దాదాపు సగం మగవే అవుతాయి, వాటికి ఎన్నేళ్లు నీళ్లు పోసినా కాయ రాదు. తోటగా పెంచేవారు ఎనిమిది పది ఆడ తీగలకు ఒక మగ తీగ చొప్పున ఉంచుకుంటారు. కానీ పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. ఆ పూత వర్షాకాలం నడిమధ్యలో గానీ రాదు. ఆడదని తెలిసిన తరువాత ఆ తీగను ముక్కలు చేసి పెంచుకుందామంటే, అప్పటికి సీజను వెళ్లిపోతుంది. చలికాలం వచ్చేసరికి ఈ తీగ పైభాగమంతా ఎండిపోయి భూమిలో గడ్డ ఒక్కటే మిగులుతుంది కాబట్టి, ఆలస్యంగా నాటిన ముక్కకు గడ్డ కట్టే వ్యవధి ఉండదు. గడ్డ కట్టకపోతే మరుసటి ఏడు ఆ మొక్క ఉండదు.

అందుకని నా పథకం ఇది. ఏ తీగ ఏదో తెలియకముందే, జూలైలోనే, ప్రతి తీగ నుంచి కొన్ని ముక్కలు కోసి, తల్లి తీగ నంబరే వాటికీ వేసి, వేర్లు తెప్పించాలి. తల్లి పూత పూసిన రోజున దాని ముక్కల సంగతి కూడా తేలిపోతుంది, ఎందుకంటే తీగ ముక్క తల్లికి అచ్చు నకలు. అప్పుడు ఆడవాటిని ఉంచుకొని మిగిలినవి తీసేస్తే సరిపోతుంది.

ఈ ఉపాయం నా బుర్రలో పుట్టినది కాదు. గంజాయి కూడా ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉండే జాతే. దాని పెంపకాన్ని చట్టం ఒప్పుకునే దేశాల్లో ఒక్కొక్క మొక్క నుంచి ఒక కొమ్మ కోసి, నంబరు వేసి, వేర్లు తెప్పించి, రోజుకు 12 గంటలు చీకట్లో ఉంచుతారు. రాత్రి పొడుగైతే పూసే మొక్క కనుక తల్లి ఇంకా ఆకులే వేస్తుండగా ఆ ముక్క మొగ్గ తొడిగి గుట్టు విప్పేస్తుంది. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం ఆ మొక్కను ఇంట్లో పెంచడమే నేరం కాబట్టి దానితో నాకు పని లేదు. ఆ ఆలోచన బోడకాకరకు ఎంతవరకు అతుకుతుందో చూడాలన్నదే నా పని.

జూన్ 27

22 గింజల్లో 9 మొలిచాయి. మిగిలినవాటిని తవ్వి చూస్తే నాలుగు కుళ్లిపోయాయి, మిగతావి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తొమ్మిదింటికీ 1 నుంచి 9 దాకా నంబర్లు వేశాను. ఐస్‌క్రీం డబ్బా మూతను పట్టీలుగా కత్తిరించి, నల్ల మార్కరుతో రాసి సంచుల్లో గుచ్చాను. తీగలు పాకడానికి నైలాను తాడుతో పందిరి అల్లాను.

జూలై 12

తీగలు నాలుగు అడుగులు దాటాయి. పోయిన ఆదివారం ములుగు దాటి తాడ్వాయి వైపు వెళ్లినప్పుడు రోడ్డు పక్కన గంపలో అడవి బోడకాకర పెట్టుకొని కూర్చున్న ఒక పెద్దమ్మ కనిపించింది. ఆకును బట్టి ఆడ తీగను గుర్తుపట్టవచ్చా అని అడిగితే ఆమె నవ్వి, "పూత వడితేనే ఎరుకైతది బిడ్డా, ఆకును జూసి ఏం జెప్తం?" అన్నది. వెడల్పాకు ఉంటే ఆడదని, గడ్డ పెద్దగా ఉంటే ఆడదని చెప్పినవాళ్లు ఇంతకుముందు నాకు చాలామందే తగిలారు. వాళ్లెవరూ అడవిలో కాయ కోసినవాళ్లు కారు.

ఇవాళ తెల్లవారుజామున, ఎండ రాకముందు, ఒక్కో తీగ నుంచి రెండేసి ముక్కలు, మొత్తం 18 కోశాను. కొస లేతగా ఉంటుంది కాబట్టి వదిలేసి, దాని కింది భాగంలో రెండు మూడు కణుపులు వచ్చేటట్టు జానెడు ముక్క తీసుకున్నాను. బ్లేడును ప్రతి కోతకూ ముందు స్పిరిట్‌తో తుడిచాను. తొమ్మిదింటిని గాజు గ్లాసుల్లో నీళ్లలో నిలబెట్టి, తొమ్మిదింటిని కుండీల్లోని ఎరువు మట్టిలో గుచ్చాను. మనీప్లాంటు నీళ్లలో వేరు వేసినట్టే ఇది కూడా వేస్తుందని నా ఆశ.

జూలై 20

ఆశ తప్పింది. నీళ్లలో పెట్టినవన్నీ నాలుగో రోజుకే అడుగున జిగురుపట్టి, ఆరో రోజుకు వాసన కొట్టాయి. మట్టిలో పెట్టిన తొమ్మిదింటిలో ఏడు కోసిన చోటు నుంచి నల్లబడుతూ పైదాకా చచ్చిపోయాయి. 2, 8 నంబర్ల ముక్కలు మాత్రం ఆకు వాల్చకుండా నిలబడ్డాయి.

తప్పు ఎక్కడున్నదో ఆలోచిస్తే రెండు సంగతులు కనిపించాయి. మొదటిది ఎరువు. వేరు లేని ముక్కకు ఎరువుతో పని లేదు. పైగా పశువుల ఎరువులో ఉండే బూజు తెగుళ్లకు తడిగా ఉన్న పచ్చి కోత తెరిచిన తలుపుతో సమానం. రెండోది ఆకులు. ముక్కకు నాలుగేసి పెద్ద ఆకులు ఉంచాను. కింద నుంచి నీళ్లు లాగే వేరు లేదు, పైన ఆకులు మాత్రం నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. కోసిన తొలి వారంలో ముక్క చుట్టూ గాలిని తేమగా ఉంచడం, ఆకు తగ్గించడం, అడుగున నీరు నిలవకుండా చూడటం, ఈ మూడూ కుదిరితేనే వేరు దాకా వస్తుందని తెలిసింది. వేరు వేసే సంకేతం ఇచ్చే ఆక్సిన్ అనే పదార్థం చిగురులో, లేత ఆకుల్లో తయారై కిందికి దిగి కోత దగ్గర పేరుకుంటుంది కనుక, ఆకులన్నీ తీసేయడం కూడా మంచిది కాదు.

జూలై 24

రెండో విడత కోశాను. ఈసారి తీగకు మూడు చొప్పున 27 ముక్కలు. ఇల్లు కట్టేవారి దగ్గర తెచ్చిన వాగు ఇసుకను, కలిపిన నీళ్లు తేటగా వచ్చేదాకా అయిదారు సార్లు కడిగి, మరిగే నీళ్లు పోసి, చల్లారిన తరువాత అంతే కొలత కొబ్బరి పొట్టు కలిపాను. ముక్కకు ఒక్క ఆకే ఉంచి, దాన్ని కూడా సగానికి కత్తిరించాను. కింది కణుపు ఇసుకలో మునిగేటట్టు పెట్టాను, వేరు పుట్టేది ఎక్కువగా కణుపు దగ్గరే కాబట్టి.

ప్రతి తీగ మూడు ముక్కల్లో ఒకదాన్ని ఐబీఏ కలిసిన వేరు పొడిలో అద్దాను, ఒకదానికి కలబంద గుజ్జు పూశాను, మూడోదాన్ని ఏమీ రాయకుండా పెట్టాను. ఐబీఏ అంటే ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం, ఆక్సిన్ జాతిదే. పొడి ఎక్కువ అంటుకుంటే మేలుకు బదులు కోత మాడిపోతుంది కాబట్టి, అద్దిన తరువాత వేలితో తట్టి దులపాలి. ట్రే మీద ఇనుప తీగ వంచి పాలిథీన్ కప్పు వేసి, మెట్ల గది నీడలో పెట్టాను. రోజుకు ఒకసారి కప్పు ఎత్తి గాలి ఆడనిస్తున్నాను.

ఆగస్టు 6

27లో 19 బతికాయి. పొడి అద్దినవి తొమ్మిదింటికి 8, కలబంద పూసినవి 6, ఏమీ పూయనివి 5. తొమ్మిదేసి ముక్కలతో ఏది మేలో తేల్చేయలేను గానీ, వచ్చే ఏడు పొడి డబ్బా కొనడానికి వెనకాడను.

4వ నంబరు ముక్కను ఒకదాన్ని చెంచాతో ఇసుకతో సహా పైకి తీసి, నీళ్లలో ముంచి చూశాను. మునిగిన కణుపు చుట్టూ గట్టిపడిన తెల్లటి కాయలాంటి ఉబ్బు, దాని పక్క నుంచి నానబెట్టిన జొన్న గింజ మొలక పొడుచుకొచ్చినట్టు అయిదు వేర్లు. అన్నిటికంటే పొడవైనది అరవేలు ఉన్నది. వేలితో తాకితే విరిగిపోయేంత లేతగా ఉన్నాయి. అందుకే సంచిలోకి మార్చేటప్పుడు ఇసుక ముద్దను విడగొట్టకుండా అట్లాగే దించాను. మొదటి విడతలో మిగిలిన రెండింటితో కలిపి ఇప్పుడు 21 ముక్కలు.

గంజాయి పెంచేవారి చీకటి ఉపాయాన్ని కూడా పరీక్షించాను. 3వ, 9వ నంబర్ల ముక్కల మీద రోజూ సాయంత్రం అయిదు నుంచి ఉదయం ఏడు దాకా నల్ల బకెట్ బోర్లించడం మొదలుపెట్టాను. మూడు వారాలు చేయాలని ఉన్నది.

ఆగస్టు 12

నిన్న మధ్యాహ్నం కోతులు వచ్చాయి. హనుమకొండలో మేడ మీద ఏదైనా పెంచేవారికి ఇది కొత్త సంగతి కాదు, కాబట్టి వల వేయకపోవడం పూర్తిగా నా తప్పే. మూడు ముక్కలు విరిగిపోయాయి. అంతకంటే పెద్ద నష్టం నంబరు పట్టీలది. కోతులు వాటిని పీకి కొరికి పడేశాయి. కొరకనివాటి మీద కూడా అక్షరాలు సరిగా లేవు. ఎండకు, వానకు మార్కరు సిరా నెల రోజుల్లోనే వెలిసిపోయి, 1 ఏదో 7 ఏదో పోల్చుకోలేని స్థితికి వచ్చింది. పోయిన వారం రాసుకున్న నోటుపుస్తకంలోని వరుస పటం చూసి 14 ముక్కలకు నంబర్లు నిర్ధారించగలిగాను. నాలుగు మాత్రం అనాథలయ్యాయి. ఆడ మగ తేల్చే పనిలో పేరు లేని ముక్కకు విలువ లేదు.

ఇవాళ కూల్‌డ్రింకు డబ్బాలను కత్తిరించి పట్టీలు చేసి, వాటి మీద మేకుతో గీకి నంబర్లు వేశాను. రేకు మెత్తనిది కాబట్టి గీత లోతుగా పడుతుంది, వెలిసిపోయే రంగు ఏమీ లేదు. ఒక పట్టీ సంచికి, ఇంకొకటి తీగ మొదలుకు వదులుగా కట్టాను. నెల రోజుల కిందట చేయవలసిన పని.

ఆగస్టు 17

మూడు రోజులు విడవకుండా ముసురు పట్టింది. 7వ నంబరు తల్లి తీగ సంచికి అడుగున ఉన్న రంధ్రం కొబ్బరి పీచుతో మూసుకుపోయి నీరు నిలిచింది. ఇవాళ చూస్తే మొదలు మెత్తబడి, తీగ మొత్తం వేడినీళ్లు పోసినట్టు వాలిపోయింది. అది ఆడదో మగదో ఇక అది చెప్పదు. దాని ముక్క ఒక్కటి నంబరుతో సహా మిగిలి ఉన్నది.

ఆగస్టు 22

మొదటి మొగ్గలు 3వ నంబరు తల్లికి వచ్చాయి. మగది.

ఎట్లా తెలిసిందో వివరంగా రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే పువ్వు విచ్చకముందే, వారం ముందే తెలుసుకునే వీలు ఇక్కడే ఉన్నది. ఆకు మొదట్లో సన్నని కాడ మీద మొగ్గ వస్తుంది. మగ మొగ్గను దాని కింద ఉన్న చిన్న ఆకులాంటి దొన్నె, తల మీద కొంగు కప్పుకున్నట్టు, పూర్తిగా చుట్టుకొని ఉంటుంది. కొంగు తొలగించి చూస్తే మొగ్గ అడుగు నున్నగా, నేరుగా కాడలో కలిసిపోతుంది. ఆడ మొగ్గకు ఆ దొన్నె చాలా చిన్నది, మొగ్గకు దూరంగా కాడ మీదే ఉండిపోతుంది. మొగ్గకూ కాడకూ నడుమ మెత్తని ముళ్లతో జొన్న గింజంత బుడిపె ఉంటుంది. అదే రేపటి కాయ. కంటికి ఆనకపోతే ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే బుడిపె మీది ముళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.

సెప్టెంబరు 8

పదిహేను రోజుల్లో దాదాపు అన్నీ తేలాయి. 1, 3, 4, 8, 9 మగవి. 2, 6 ఆడవి. ముందు పూసినవన్నీ మగవే, 2వ నంబరు ఆడ మొగ్గ కోసం సెప్టెంబరు 3 దాకా ఆగవలసి వచ్చింది. వెడల్పాకు మాట కూడా తేలిపోయింది. అన్నిటికంటే వెడల్పాకు 9వ నంబరుది, అది మగది. 5వ నంబరు పచ్చగా, బలంగా, పందిరి అంతా అల్లుకొని ఉన్నది, కానీ మొగ్గ జాడ లేదు.

బకెట్ బోర్లించిన ముక్కలు రెండూ తమ తల్లుల కంటే ముందు పూయలేదు. 9వది ఆకు పసుపుపచ్చగా మారి బలహీనపడింది కాబట్టి బకెట్ తీసేశాను. గంజాయికి పనిచేసిన చీకటి నా ముక్కల మీద పనిచేయలేదు. కాబట్టి బోడకాకర విషయంలో ముక్క లాభం తల్లి కంటే ముందు చెప్పడంలో లేదు, తల్లి చెప్పేనాటికి వేరు పట్టి సిద్ధంగా ఉండటంలో ఉన్నది.

దొండ కూడా ఆడ, మగ తీగలు వేరుగా ఉండే జాతేనని చెబితే మా వీధిలో ఒకరు నమ్మలేదు. మన పెరళ్లలో ఉండేవి ఆడ తీగ ముక్కల నుంచి తరతరాలుగా నాటుకుంటూ వచ్చినవి. పైగా అవి మగ పువ్వు పుప్పొడి లేకుండానే కాయ కడతాయి కాబట్టి మగ దొండను మనం చూడనే చూడము. బోడకాకరకు ఆ సౌకర్యం లేదు. మగ తీగ ఒక్కటైనా దగ్గర ఉండాలి.

సెప్టెంబరు 21

చచ్చిపోయిన 7వ నంబరు తల్లి తాలూకు ముక్కకు ఇవాళ ఉదయం మొగ్గ కనిపించింది. ఫోన్ పెట్టి చూశాను. జొన్న గింజంత బుడిపె, దాని మీద ముళ్లు. ఆడదే. నెల కిందట కుళ్లి పారేసిన తీగ ఆడదని ఇవాళ తెలిసింది. ఈ నాలుగు నెలల్లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన క్షణం ఇదే.

ఇప్పుడు లెక్క సరిచూసుకుంటే నంబరు ఉన్న 14 ముక్కల్లో ఆడవి ఆరు: 2వ నంబరువి రెండు, 6వ నంబరువి మూడు, 7వ నంబరుది ఒకటి. తల్లులు 2, 6 కలిపితే మొత్తం ఎనిమిది ఆడ తీగలు. 3వ నంబరు మగ తల్లిని ఉంచుకొని మిగిలిన మగవాటిని తీసేస్తున్నాను. పరకాలలో ఉండే నా మిత్రుని ఇంట్లో రెండేళ్లుగా పూయడమే గానీ కాయని ఒంటరి ఆడ తీగ ఉన్నదని గుర్తొచ్చి, 8వ నంబరు మగ ముక్కను అతనికి పంపాను. మగ మొక్కను కానుకగా తీసుకొని సంతోషించిన మనిషిని మొదటిసారి చూశాను. అనాథలు నాలుగింటిలో రెండు మగ పువ్వు చూపాయి, రెండు ఏమీ చెప్పలేదు. నాలుగింటినీ తీసేశాను.

అడవి బోడకాకర పువ్వు పొద్దు కుంకే వేళ విచ్చుతుంది, పరాగం చేరవేసేవి రాత్రి తిరిగే పురుగులు. మేడ మీదికి అవి అంతగా రావడం లేదు. వారం రోజులుగా సాయంత్రం ఏడింటికి టార్చి పట్టుకొని పైకి వెళ్లి, మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, ఆడ పువ్వు నడుమ ఉన్న కీలాగ్రానికి పుప్పొడి అంటేటట్టు మెల్లగా రాస్తున్నాను. అయిదు పువ్వులకు రాస్తే మూడు నిలిచాయి, రెండు మూడో రోజుకు పసుపెక్కి రాలిపోయాయి.

అక్టోబరు 4

మూడు కాయలు కోశాము. మార్కెట్లో తొలకరి రోజుల్లో కిలో 200 రూపాయలు దాటే కాయ ఇది. మా మూడింటితో వేపుడు ఏమవుతుందని మా ఆవిడ వాటిని పప్పులో వేసేసింది.

నవంబరు 16

తీగలన్నీ ఎండిపోయాయి. నీళ్లు పోయడం పది రోజుల కిందటే ఆపేశాను. ఈ దశలో తడి తగిలితే గడ్డ కుళ్లుతుంది. 6వ నంబరు ముక్కల్లో ఒకదాని మట్టిని పక్క నుంచి వేలితో తొలిచి చూస్తే పెద్ద ఉసిరికాయంత గడ్డ తగిలింది. జూలై చివర కోసిన ముక్క చలికాలం లోపు గడ్డ కట్టిందంటే జూన్‌లో వేసుకున్న లెక్క తప్పలేదన్నమాట. 2వ నంబరు ఆడ తల్లి గడ్డ 3వ నంబరు మగ తల్లి గడ్డ కంటే పెద్దగా ఉన్న మాట నిజమే, కానీ రెండు గడ్డలు చూసి గడ్డను బట్టి ఆడదని చెప్పేవారి పక్షాన చేరలేను.

సంచులన్నిటినీ మెట్ల కింద, వాన చినుకు పడని చోట, నంబర్ల వరుసలో పెట్టి రేకు పట్టీలు మరోసారి సరిచూశాను. 5వ నంబరు తల్లి, దాని ముక్క చివరిదాకా పూయలేదు. రెండింటినీ పారేయకుండా, పట్టీ మీద నంబరు పక్కన ఒక చుక్క గీకి, గోడ వైపు చివరన ఉంచాను. మళ్లీ నీళ్లు పోసేది మిరుగానికే.